బైబిల్ యాప్‌లో విగ్రహారాధన మీద 40 రోజుల ధ్యానం పూర్తి చేశాను, 5కి 4 ఇస్తున్నా

మా సహవాసంలో అందరం కలిసి ఒక బైబిల్ యాప్‌లో ఈ ప్లాన్ మొదలుపెట్టాం, పోయిన వారం నాది అయిపోయింది. రోజుకో వాక్యభాగం, దాని ఆడియో, కింద చిన్న ధ్యానం, చివర ఒక ప్రశ్న.

మొదట పది ఆజ్ఞలు. అవి కంఠతా వచ్చినవే కాబట్టి త్వరగా దాటేశాను. నన్ను పట్టేసింది నిర్గమకాండం 32, మోషే కొండ మీద ఉండగా కింద జనం మొక్కడానికి బంగారు దూడను చేయించుకున్న కథ. అంట్లు తోముకుంటూ వింటున్నా. జనం ఇచ్చిన బంగారు పోగులతో, ఉలి లాంటి పోగరతో రూపం చెక్కి మరీ మోషే అన్న అహరోనే ఆ దూడను చేశాడని 4వ వచనంలో ఉంది. మోషే నిలదీస్తే మాత్రం 24వ వచనంలో, బంగారాన్ని అగ్నిలో వేశాను, ఈ దూడ అయింది అంటాడు. చదివే ఆయన అక్కడ ఒక్క క్షణం ఆగాడు. నేను పంపు కట్టేసి ఆ ముక్క మళ్లీ విన్నాను. నేను చేసిన తప్పులకు కూడా అవే జరిగిపోయినట్టు ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఇంకోటి, ఆ దూడ ముందు బలిపీఠం కట్టి, రేపు యెహోవాకు పండుగ అని చాటింపు వేశారు! అంటే దేవుని పేరు వదల్లేదు, ఆ పేరు మీదే ఇదంతా చేశారు. మోషే కొండ మీద ఉన్నది 40 రోజులు, అంతమాత్రం ఆగలేకపోయారు.

వేరే దేవుళ్ల వైపు తిరిగిన సొలొమోను రాజు, బేతేలులో, దానులో బంగారు దూడల్ని నిలబెట్టిన యరొబాము రాజు, కర్మెలు కొండ మీద బయలు అనే దేవుడి ప్రవక్తలు 450 మంది ముందు ఒంటరిగా నిలబడ్డ ఏలీయా ప్రవక్త, ఇవన్నీ బాగానే నడిపించారు. ధనాపేక్ష కూడా విగ్రహారాధనే అని చెప్పే కొలొస్సయులకు 3:5 పెట్టిన రోజు చిన్నదైనా గట్టిగా తగిలింది.

అసలు చెప్పాల్సింది 2 రాజులు 18:4 గురించి. అరణ్యంలో పాము కాటుకు గురైనవాళ్లు చూసి బతకాలని దేవుడే చేయించిన ఇత్తడి సర్పానికి, వందల ఏళ్ల తర్వాత జనం ధూపం వేస్తుంటే, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు. దేవుడు ఇచ్చిందే విగ్రహమైపోయింది. ఈ యాప్‌లో రోజులు వరసగా ఎన్ని చదివామో లెక్కపెట్టే అంకె ఒకటి పైన కనిపిస్తూ ఉంటుంది. అంతకు ముందు రోజు రాత్రి పదకొండు దాటాక, నిద్ర ఆపుకుంటూ, ఆ అంకె పోతుందన్న టెన్షన్‌తో, ఒక్క మాట కూడా బుర్రకెక్కకుండా పేజీ కిందికి జరిపేసి టిక్ పెట్టాను. ఈ భాగం చదివాక అది గుర్తొచ్చి నిజంగా ఏడుపొచ్చింది. సెట్టింగ్స్‌లో ఆ లెక్క ఆపేసే వీలుంది, వెంటనే ఆపేశాను. మీరు మొదటి రోజే ఆపేయండి.

ఒక స్టార్ తగ్గించింది రెండిటికి. దానియేలు 3లో, రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కకపోతే కొలిమిలో వేయిస్తానంటే, షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే ముగ్గురు యూదులు, దేవుడు మమ్మల్ని రక్షించగలడు, రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అంటారు. 60 మూరల ప్రతిమ, పక్కనే మండే కొలిమి, రాజు ఎదురుగా ఉన్నాడు, అలాంటి చోట అన్న మాట అది. కింద ధ్యానంలో మాత్రం నమ్మకంగా ఉంటే నీ కొలిమి చల్లారుతుంది అన్నట్టు రాశారు. ఆ రకం ఆదరణ జబ్బుతోనో అప్పులతోనో ఉన్నవాళ్లకు బరువవుతుంది, దాన్ని దిద్దాలి. రెండోది, భార్య వదిలి వెళ్లినా వెతుక్కుంటూ వెళ్లే భర్తలా దేవుడు మాట్లాడే హోషేయ గ్రంథాన్నంతా ఒక్క రోజులో కుక్కేశారు. హెచ్చరికల వెనక ఉన్న ఆ ప్రేమ కనిపించకపోతే మిగిలేది భయమే కదా.

అయినా చదవండి, వీలైతే ఇంకొకరితో కలిసి. నేనైతే హోషేయ 14 అధ్యాయాలూ రోజుకొకటి, పుస్తకంలోనే చదువుతున్నా, ఇవాళ్టికి రెండోది అయింది.