భవన విజ్ఞానమా, సివిల్ ఇంజనీరింగా: సుస్థిర నిర్మాణ రంగానికి ఏ చదువు?

సివిల్ ఇంజనీరింగ్ కట్టడం ఎలా నిలబడుతుందో నేర్పుతుంది. భవన విజ్ఞానం ఆ కట్టడంలో వేడి, గాలి, తేమ, వెలుతురు ఎలా కదులుతాయో నేర్పుతుంది.

ఒక్క బాల్కనీని చూస్తే తేడా తెలుస్తుంది. గది స్లాబునే గోడ దాటించి బయటికి పొడిగిస్తే, కడ్డీల లెక్క చూసే ఇంజనీరుకు అది సరైన కాంటిలీవర్ (ఒక వైపే ఆధారం ఉండి, రెండో వైపు గాలిలో నిలిచే భాగం). కానీ చలి ప్రదేశాల్లో ఆ కాంక్రీటు గుండానే లోపలి వేడి బయటికి పోయి, గోడ మూల చల్లబడి, అక్కడ తేమ చేరి బూజు పడుతుంది. దీన్ని నక్షా దశలోనే పసిగట్టడం భవన విజ్ఞానం చదివినవారి పని.

సిమెంటు విషయంలో మాత్రం పైచేయి సివిల్‌దే. సిమెంటు తయారీకి సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చేటప్పుడు ఇంధనం నుంచే కాక రాయి నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక, భద్రత చెడకుండా కాంక్రీటు వాడకాన్ని తగ్గించగలవారు చేసే మేలు చాలా పెద్దది.

రెండింటిలోనూ గణితం తప్పదు. భవన విజ్ఞానం తరచుగా పీజీ స్థాయిలో ఉంటుంది కాబట్టి అదనపు ఏళ్ల ఫీజు కలుస్తుంది. సివిల్ పట్టాకు ఉద్యోగాల పరిధి విశాలం. భవన విజ్ఞానానికి గిరాకీ ఇంధన నియమాలు గట్టిగా అమలయ్యే చోట ఎక్కువ. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు ఆలోచించవలసింది, మీరు పనిచేయాలనుకునే చోట ఆ గిరాకీ ఉందా అన్నదే.

పాఠశాల చదువు ఇప్పుడే ముగించి, నిర్మాణ డిజైన్ల బాధ్యత తీసుకోవాలనుకునేవారికి సివిల్ తగినది. ఇప్పటికే సివిల్, ఆర్కిటెక్చర్ లేదా మెకానికల్ పట్టా ఉండి, ఉన్న భవనాల ఇంధన వాడకాన్ని తగ్గించడంపై మనసున్నవారికి భవన విజ్ఞానమే మేలు.