పది బై పన్నెండు హాలు: టవర్ స్పీకర్లా, బుక్‌షెల్ఫ్‌లూ సబ్‌వూఫరా?

షోరూములో తబలా బాయ గుమకీలు ఒక్కొక్కటీ విడిగా వినిపించిన టవర్లే (నేల మీద నిలబెట్టే పొడవాటి స్పీకర్లు) ఇంటికొచ్చాక ఒకటే ‘బుమ్’మంటుంటే, తప్పు చాలాసార్లు స్పీకరుది కాదు. డెమో గదిలో కింద తివాచీ, గోడలకి మందపాటి ప్యానెళ్లు, చుట్టూ కావలసినంత జాగా ఉంటాయి. మన అపార్ట్‌మెంటు హాల్లో కింద విట్రిఫైడ్ టైల్స్, సిమెంటు పూత గోడలు, పైన శ్లాబు, ఒక పక్క అద్దాల స్లైడింగ్ కిటికీ. పన్నెండు అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు ఉన్న అలాంటి హాలునే లెక్కలోకి తీసుకుందాం. ఈ కొలతకి నా ఓటు బుక్‌షెల్ఫ్‌లకీ (స్టాండు మీద పెట్టే చిన్న స్పీకర్లు) ఒక సబ్‌వూఫర్‌కీ (బేస్ మాత్రమే మోగించే విడి పెట్టె). ధర దానికి కారణం కాదు. పైగా మంచి స్టాండ్లూ సబ్‌వూఫరూ కలిపితే ఖర్చు టవర్ల దరిదాపుల్లోకే వస్తుంది.

అసలు సంగతి గది కొలతల్లో ఉంది. 565ని అడుగుల కొలతతో భాగిస్తే, ఎదురెదురు గోడల మధ్య అల నిలబడిపోయే మొదటి ఫ్రీక్వెన్సీ, అంటే గది మొదటి మోడ్, వస్తుంది. పొడవు పన్నెండుకి 47 హెర్ట్జ్, వెడల్పు పదికి 56.5. ఎత్తూ పదే కాబట్టి మళ్లీ 56.5. రెండు కొలతలు ఒకటైతే ఆ మోత రెట్టిస్తుంది. బేస్ గిటారు ‘ఎ’ తీగ 55 హెర్ట్జ్, అంటే సరిగ్గా ఆ పక్కనే. పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా హాలంతా ఊగుతుంది, పక్క స్వరం చప్పగా పోతుంది. ఇంకో చిక్కు: మొదటి మోడ్ గోడల దగ్గర గట్టిగానూ, గది నడిమధ్య దాదాపు సున్నాగానూ ఉంటుంది. మన సోఫా ఎప్పుడూ గోడకి ఆనుకునే ఉంటుంది కాబట్టి ఆ మోత మొత్తం కూర్చున్నవాళ్లకే తగులుతుంది. సోఫాని అడుగున్నర ముందుకి లాగితేనే తేడా తెలుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు టవర్ సంగతి. 35 హెర్ట్జ్ దాకా దిగే టవర్ ఆ రెండు ఫ్రీక్వెన్సీలకీ పుష్కలంగా మేత వేస్తుంది. పైగా బేస్ మోగించే దాని వూఫర్లు, పై స్వరాలు మోగించే ట్వీటర్‌తో ఒకే పెట్టెలో ఉంటాయి. గాత్రం నడిమధ్య నుంచి వస్తున్నట్టు వినిపించాలంటే టవర్లు టీవీకి అటూ ఇటూ నిలబడాలి, బేస్ సమంగా రావాలంటే వూఫర్ ఇంకెక్కడో ఉండాలి. టవర్‌తో ఈ రెండూ ఒకేసారి కుదరవు. వెనక గోడతోనూ పేచీ ఉంది. గోడ నుంచి వెనక్కొచ్చిన ధ్వని నేరుగా వచ్చేదాన్ని ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర కొట్టేస్తుంది. 86ని మీటర్లలో దూరంతో భాగిస్తే అది ఎక్కడో తెలుస్తుంది. వూఫర్ ముఖం గోడకి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 143 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది, మగ గొంతుకి బరువునిచ్చే చోటే. మీటరు దూరం జరిపితే గుంట 86కి దిగుతుంది గానీ, ఈ హాల్లో మీటరు వదిలితే మనుషులు నడిచేదెక్కడ?

బుక్‌షెల్ఫ్‌ల దగ్గర గాత్రం, బేస్ అనే ఈ రెండు పనులూ విడిపోతాయి. సబ్ అవుట్, క్రాసోవర్ (బేస్‌నీ పై స్వరాలనీ విడదీసే ఏర్పాటు) ఉన్న రిసీవర్ అయితే సెట్టింగుల్లో స్పీకర్లని ‘స్మాల్’గా పెట్టి, 80 హెర్ట్జ్ దగ్గర కోసి, ఆ కిందది సబ్‌కి పంపాలి. క్రాసోవర్ లేని స్టీరియో యాంప్లిఫయర్ అయితే బుక్‌షెల్ఫ్‌లు పూర్తిగా మోగుతూనే ఉంటాయి. అప్పుడు సబ్ నాబ్‌ని అవి తగ్గిపోయే చోట, సుమారు 60 దగ్గర పెట్టాలి. ఎక్కువ పెడితే రెండూ ఒకదాని మీదొకటి పడి గొంతులు పీపాలోంచి వచ్చినట్టుంటాయి. ట్వీటర్ చెవి ఎత్తులో, అంటే నేల నుంచి 90–100 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. స్టాండ్లు లేక టీవీ యూనిట్ మీదే పెట్టాల్సి వస్తే, స్పీకర్ ముఖం బల్ల అంచుకి వచ్చేలా ముందుకి జరపండి. లోపలికి నెడితే బల్ల మీద పడి లేచే ధ్వని మాటల్ని మసకబారుస్తుంది. వెనక పోర్టు (గాలి రంధ్రం) ఉన్న మోడల్‌ని గూట్లో దూర్చడం మరీ తప్పు. గోడకి ఆనించక తప్పదనుకుంటే సీల్డ్ (రంధ్రం లేని) పెట్టెలే తీసుకోండి.

సబ్ ఎక్కడ పెట్టాలి? మీరు కూర్చునే చోట సోఫా మీద సబ్ పెట్టి, బేస్ బాగా ఉన్న ఒకే పాటని మళ్లీ మళ్లీ వేయండి. సబ్ పెట్టడానికి వీలున్న చోట్లన్నిటా మోకాళ్ల మీద పాకుతూ, చెవి నేలకి దగ్గరగా ఉంచి వినండి. స్వరాలన్నీ ఒకే బలంతో వినిపించిన చోటే సబ్ స్థానం. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. మూలలో అన్ని మోడ్‌లూ ఒక్కసారి లేస్తాయి కాబట్టి బేస్ ఎక్కువే వస్తుంది కానీ సమంగా రాదు. చోటు కుదిరాక సబ్ మీదున్న ఫేజ్ స్విచ్‌ని 0, 180 రెండింటిలోనూ విని, బేస్ నిండుగా ఉన్నదాన్ని ఉంచండి. సబ్ ఉన్నట్టు విడిగా తెలుస్తోందంటే లెవెల్ ఎక్కువైనట్టే.

సెన్సిటివిటీలో, అంటే ఒక వాట్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్కలో, మాత్రం టవర్‌దే పైచేయి. 90 డెసిబెల్ టవర్ ఇచ్చేంత మోత 85 డెసిబెల్ బుక్‌షెల్ఫ్ ఇవ్వాలంటే మూడింతల వాట్లు కావాలి. అయితే ఎనిమిదడుగుల దూరంలో మామూలుగా వినడానికి ఒకటి రెండు వాట్లే ఖర్చవుతాయి, కాబట్టి ఇంత చిన్న హాల్లో అది పెద్ద లోటు కాదు. పెట్టె మీద పీఎంపీవో (క్షణకాలపు గరిష్ఠ వాట్లు) అంకె కనిపిస్తే పట్టించుకోకండి, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల వాట్లు) చూడండి. వైరు అయిదు మీటర్ల లోపైతే మామూలు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు.

ఏది కొన్నా టైల్స్ హాలు మోత మిగిలే ఉంటుంది. సబైన్ సూత్రం ప్రకారం మోత ఆగే సమయం సెకన్లలో 0.161 × ఘనపరిమాణం ÷ శోషణ (గదిలోని వస్తువులు ధ్వనిని పీల్చుకునే కొలత, చదరపు మీటర్లలో). మన హాలు 34 ఘనపు మీటర్లు. శోషణ 6 ఉంటే 0.9 సెకను, 10కి పెంచితే 0.55. పెంచాల్సిన ఆ నాలుగూ కిటికీకి కుచ్చులు పోసిన మందపాటి తెర, సోఫా ముందు 5×7 అడుగుల తివాచీ, ఒక గోడకి పుస్తకాల బీరువా కలిస్తే చాలావరకు వచ్చేస్తాయి. ఒక అంగుళం ఫోమ్ అతికిస్తే పై స్వరాలు మాత్రమే చచ్చి, బేస్ మోత అలాగే ఉండి, గది ఇంకా మొద్దుగా తయారవుతుంది. కోడిగుడ్ల అట్టలు అసలు దండగ. బేస్‌కి కావలసింది 4 అంగుళాల రాక్‌వూల్ (రాతి నార పలక), మూలల్లో, వెనక నాలుగంగుళాల ఖాళీతో, పైన గుడ్డ చుట్టి. కొలిచే మైకు ఉంటే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. గ్రాఫులో లేచిన శిఖరాలని ఈక్వలైజర్‌తో కోయండి. గుంటల్ని నింపబోతే యాంప్లిఫయర్ వేడెక్కడం తప్ప ఒరిగేది లేదు.

సౌండ్‌బార్ వార్తలకీ సీరియల్ మాటలకీ సరిపోతుంది. అట్మాస్ (పై నుంచి కూడా ధ్వని వచ్చే పద్ధతి) కోసం పైకి మోగే రకమైతే పైకప్పు చదునుగా ఉండాలి. ఫ్యానూ, మెట్లు మెట్లుగా ఉన్న ఫాల్స్ సీలింగూ ఉన్న హాల్లో ఆ డబ్బు దండగ.

టవర్లే కొనాల్సిన ఇళ్లూ ఉన్నాయి. హాలూ డైనింగూ కలిసి 15×20 అడుగులు దాటితే, టవర్‌ని గోడ నుంచి మూడడుగులు లాగే వీలుంటే కొనండి. స్టాండు మీది పెట్టెని లాగి పడేసే వయసు పిల్లలున్నా అవే మేలు. కింద స్పైకులు మాత్రం తప్పక బిగించండి. రోజూ తడిగుడ్డ పెట్టే నేల మీద ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన పలక) పెట్టె నేరుగా కూర్చుంటే అడుగు అంచులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి.