మోడిఫై చేసిన పోలో టోటల్ లాస్ అయ్యాక ఇన్సూరెన్స్‌తో నా అనుభవం: క్లెయిమ్‌లో సున్నా, సాల్వేజ్‌లో మాత్రం విలువ

పోలో జీటీ టీఎస్ఐ గురించి రాయాల్సినదంతా చాలామంది రాసేశారు, నేను మళ్ళీ మొదలుపెట్టను. 2018 మోడల్, కొన్నప్పటి నుంచి ఒకే కంపెనీలో ఇన్సూరెన్స్, లోన్ ఎప్పుడో తీరిపోయింది. ఆ పాలసీ గురించే ఈ రివ్యూ. మోడ్స్ చేయించుకున్న వాళ్ళు, చేయించుకుందాం అనుకుంటున్న వాళ్ళు సాల్వేజ్ (యాక్సిడెంట్ తర్వాత మిగిలే తుక్కుబండి) దగ్గర నేను రాసింది మాత్రం వదలకుండా చదవండి, ఎందుకంటే దీని గురించి నాకు షోరూమ్ వాళ్ళు చెప్పలేదు, ఏజెంట్ చెప్పలేదు, మోడ్స్ చేసిన గ్యారేజ్ వాళ్ళూ చెప్పలేదు.

కారులో ఏమేం ఉన్నాయో ముందు చెప్పేస్తా. ఈసీయూ రీమ్యాప్ (పవర్ పెరగడానికి ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం), ఇంజిన్‌కి గాలి వెళ్ళే ఇన్‌టేక్, క్యాట్ (క్యాటలిటిక్ కన్వర్టర్) వెనకాల నుంచి ఎగ్జాస్ట్, నాలుగు వైపులా కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగలిగే సస్పెన్షన్), ముందు పెద్ద బ్రేకులు, అలాయ్స్, స్టీరియో, ఆంప్లిఫయర్, స్పీకర్లు. వీటిలో అలాయ్స్‌ని నాన్ ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ కింద, స్టీరియో సెట్‌ని ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ కింద పాలసీలో విలువతో సహా రాయించా. ఎలక్ట్రికల్ వాటికి విలువ మీద 4 శాతం అదనంగా ప్రీమియం పడుతుంది, అంటే 40 వేల సెట్‌కి ఏడాదికి 1,600, అంతే. మిగతావి కూడా రాయమని అడిగితే కస్టమర్ కేర్‌లో "సార్, సస్పెన్షన్, బ్రేక్స్, రీమ్యాప్ అని మా దగ్గర కాలమ్ లేదు" అన్నారు. సరే అని బిల్లులన్నీ స్కాన్ చేసి, ఫలానా ఫలానా మార్పులు చేయించాను, దీనికి ఎంత ప్రీమియం కట్టాలో చెప్పండి అని మెయిల్ పెట్టా. "మీ మెయిల్ అందింది" అని ఒక రిప్లై వచ్చింది, ఇంకేమీ రాలేదు. తర్వాత ప్రతి రిన్యూవల్‌కీ అదే మెయిల్ ఫార్వర్డ్ చేస్తూ వచ్చా. ఆ మెయిల్ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇంతకుముందు ఈ కంపెనీని నేను అందరికీ గట్టిగా రికమెండ్ చేసేవాణ్ణి. పార్కింగ్‌లో ఎవరో వెనక బంపర్ గుద్ది పోయారు, జీరో డెప్ (పార్ట్‌ల తరుగుదల కోయకుండా ఇచ్చే కవర్) ఉంది, క్యాష్‌లెస్‌లో చకచకా అయిపోయింది, జేబులోంచి డిడక్టబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే పెట్టుకోవాల్సిన వెయ్యి రూపాయలు తప్ప ఏం పోలేదు. మా ఆఫీసులో నా మాట విని పాలసీ మార్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాట ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, అది బంపర్ క్లెయిమ్. బంపర్‌కి ఏ కంపెనీ అయినా బానే ఇస్తుంది.

యాక్సిడెంట్ గురించి పెద్దగా చెప్పడానికి ఏం లేదు. విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటాక పొద్దున్నే ఒక గేదె డివైడర్ మొక్కల్లోంచి ఒక్కసారిగా రోడ్డు మీదకి వచ్చింది, తప్పించబోతే బండి డివైడర్ ఎక్కి తిరిగి అటు క్రాష్ బ్యారియర్‌కి కొట్టుకుని ఆగింది. ఎయిర్‌బ్యాగ్స్ రెండూ తెరుచుకున్నాయి, సీట్‌బెల్ట్ పట్టేసిన చోట భుజం కమిలింది, అంతకుమించి నాకేం కాలేదు. గేదెకి కూడా తగల్లేదు. ముందు కుడి చక్రం లోపలికి మడిచిపోయి, సబ్‌ఫ్రేమ్ వంగి, డ్యాష్‌బోర్డ్ ఎయిర్‌బ్యాగ్ దగ్గర చీలిపోయి ఉంది. వర్క్‌షాప్ వాళ్ళ ఎస్టిమేట్ 5,90,000. పాలసీలో యాక్సెసరీస్‌తో కలిపి మొత్తం ఐడీవీ, అంటే బండికి పాలసీలో కట్టిన విలువ, 5,55,000. రిపేర్ ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్, అంటే రిపేర్ చేయించడం దండగ అనే లెక్క కింద పరిగణిస్తారు, సర్వేయర్ (నష్టం అంచనా వేసే మనిషి) లెక్క ప్రకారం కూడా దాటేసింది.

అసలు కథ ఇక్కడ మొదలు. సర్వేయర్ వచ్చి ఫోటోలు తీసుకుని కింద పడుకుని మరీ చూసి, కాయిలోవర్లు, బ్రేకులు, ఎగ్జాస్ట్ అన్నీ రాసుకుని వెళ్ళాడు. కొన్ని రోజులకి కంపెనీ నుంచి లెటర్ వచ్చింది. వాహనంలో అనధికార మార్పులు ఉన్నాయి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉల్లంఘన, క్లెయిమ్ ఎందుకు తిరస్కరించకూడదో చెప్పండి అని. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ సెక్షన్ 52 గురించి మన వాళ్ళు చాలా తేలిగ్గా మాట్లాడతారు, అది తేలిక విషయం కాదు. ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా అయ్యేలా బండిని మార్చకూడదు అని ఆ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో దాన్ని గట్టిగానే సమర్థించింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. కాబట్టి "ఏం కాదులే బ్రో" అనే సలహాలు వినకండి.

నేను ఇచ్చిన జవాబు ఇలా ఉంది. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్, సీసీ, ఇంధనం, రంగు, సీట్ల సంఖ్య, ఒక్కటి కూడా మారలేదు. ప్రమాదానికి కారణం రోడ్డు మీదకొచ్చిన పశువు, దానికీ నా సస్పెన్షన్‌కీ సంబంధం ఏంటో సర్వేయర్ రిపోర్టులో ఎక్కడ రాశారో చూపించండి. మార్పులన్నీ మీకు ఫలానా తేదీన మెయిల్‌లో చెప్పాను, అందిందని మీరే రాశారు, ఇదిగో కాపీ, ఆ తర్వాత కూడా నా దగ్గర ప్రీమియం తీసుకుంటూనే ఉన్నారు. ఇదే జవాబు రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపా, మెయిల్‌లో పంపా, ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో కంప్లైంట్‌తో పాటు కూడా పెట్టా. 2024 జూన్‌లో వచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్ట్ రావాలి, రిపోర్ట్ అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. ఆ గడువులన్నీ దాటిపోయాయని కూడా అందులో రాశా. పోర్టల్‌లో పెట్టాకే ఫోన్లు రావడం మొదలైంది, అంతకుముందు నేను చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. చివరికి క్లెయిమ్ ఒప్పుకుంటూ వచ్చిన లెటర్‌లో సెక్షన్ 52 అనే మాటే లేదు. అది నా వాదన ఒప్పుకోవడమో, వదిలేయడమో నేను చెప్పలేను, కానీ ఆ పాత మెయిల్ లేకపోతే నా చేతిలో ఏమీ ఉండేది కాదని మాత్రం గట్టిగా నమ్ముతున్నా.

క్లెయిమ్ ఓకే అయింది కదా, ఇంకేంటి అనుకున్నా. అప్పుడొచ్చింది సాల్వేజ్ గొడవ.

టోటల్ లాస్‌లో రెండు దారులు ఉంటాయి. బండి కంపెనీకి వదిలేసి ఐడీవీ మొత్తం తీసుకోవచ్చు, లేదా నెట్ ఆఫ్ సాల్వేజ్, అంటే తుక్కుబండి మనమే ఉంచుకుని దాని విలువ ఐడీవీలోంచి తగ్గించి మిగిలింది తీసుకోవచ్చు. ఆ విలువ ఎలా వస్తుందంటే కంపెనీ వాళ్ళు ఫోటోలు ఆన్‌లైన్‌లో సాల్వేజ్ కొనేవాళ్ళకి వేలానికి పెడతారు, ఎక్కువ కోట్ ఎంత వస్తే అంత. నా బండికి వచ్చిన కోట్ 2,10,000. అంత నలిగిపోయిన పోలోకి ఇంత ఎలా వచ్చిందా అని ఫోటోలు అడిగి తీసుకుని చూశా. ముందు బ్రేకులకి విడిగా క్లోజప్, కాయిలోవర్లకి క్లోజప్, ఎగ్జాస్ట్‌కి క్లోజప్. కొనేవాళ్ళు చూసి ధర వేసింది వాటికి!

అర్థమైంది కదా. క్లెయిమ్ లెక్కలో ఆ పార్ట్‌లు పాలసీలో లేవు కాబట్టి విలువ సున్నా. సాల్వేజ్ లెక్కకి వచ్చేసరికి అవే పార్ట్‌లు బండి ధర పెంచేశాయి, ఆ పెరిగిన ధర నా చెక్కులోంచి కట్. బావి లెక్కలోకి రాదని చెప్పి పొలానికి నష్టపరిహారం ఇచ్చి, అమ్మేటప్పుడు మాత్రం బావి ఉన్న పొలం అని ధర చెప్పినట్టు. ఆరేళ్ళు ప్రీమియం కట్టినవాడికి ఇదెంత మండుతుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. పోనీ బండి మీరే తీసుకోండి, నా పార్ట్‌లు ఊడదీసుకుంటా అంటే, సర్వే అయిన తర్వాత ఒక్క నట్టు కూడా తీయకూడదు, ఎలా ఉన్నది అలాగే అప్పగించాలి అన్నారు. సస్పెన్షన్ తీసేస్తే బండి దొర్లదు, అది నేనూ ఒప్పుకుంటా. కానీ డబ్బులివ్వని వస్తువు మీద హక్కు ఎలా వస్తుంది?

ఇక్కడే ఒక మంచి సంగతి తెలిసింది, అది చెప్పింది మా బావమరిది. వాడికి ఉప్పల్ దగ్గర గ్యారేజ్ ఉంది. సాల్వేజ్ కోట్ రెండు రకాలుగా అడగొచ్చట, ఆర్సీతో, ఆర్సీ లేకుండా. ఆర్సీతో అయితే కొనేవాడు బండిని నిలబెట్టి మళ్ళీ రోడ్డెక్కించొచ్చు, అందుకే ఎక్కువ ధర. ఆర్సీ రద్దయిపోయిన బండి విడిభాగాల కిందే పనికొస్తుంది, కోట్ బాగా పడిపోతుంది. కోట్ పడిపోతే మన చేతికి వచ్చే డబ్బు పెరుగుతుంది. సర్వేయర్ల రిపోర్టుల్లో ఈ రెండు లెక్కలూ విడివిడిగా వేయడం మామూలేనట, నా రిపోర్టులో మాత్రం ఆర్సీతోనే వేశారు. నాకు కావాల్సింది పార్ట్‌లే కాబట్టి ఆర్సీతో నాకేం పని?

వెంటనే రాతపూర్వకంగా రెండు అడిగా. ఒకటి, ఆర్సీ రద్దు చేయిస్తాను, ఆర్సీ లేకుండా కోట్ తెప్పించండి. రెండు, పాలసీలో విలువ కట్టని కాయిలోవర్లు, బ్రేకులు, ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ మినహాయించి వేలం పెట్టండి, అలాయ్స్, స్టీరియో మాత్రం అలాగే ఉంచండి. ఆ రెండిటికీ వాళ్ళు డబ్బులిచ్చారు, వాటిని సాల్వేజ్‌లో లెక్కేయడం న్యాయమే, అందుకే గొడవ పెట్టలేదు. మొదట కుదరదన్నారు, అంబుడ్స్‌మన్‌కి (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తేల్చే అధికారి) వెళ్తానని రాస్తే కొత్త వేలం పెట్టారు. హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసే తెలంగాణకీ, ఏపీకీ చూస్తుంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కాకపోతే ముందు కంపెనీకి కంప్లైంట్ చేసి ఒక నెల ఆగాలి. నాకు అంతదాకా పోలేదు.

కొత్త కోట్ 1,15,000. అంటే 5,55,000లోంచి 1,15,000, డిడక్టబుల్ 1,000 పోగా 4,39,000 అకౌంట్లో పడింది. మొదటి లెక్కతో అయితే 3,44,000 వచ్చేది. అడగడం వల్ల 95,000 తేడా! బండి మా బావమరిది షెడ్‌కి తీసుకెళ్ళి విప్పేశాం. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండిటితోనే కట్ అయిన 1,15,000 దాదాపు వచ్చేసింది. ముందు కుడి కాయిలోవర్ వంగిపోయింది, మిగతా మూడు బాగున్నాయి, బ్రేకులకి గీత కూడా పడలేదు.

ఆర్సీ విషయం మాత్రం నిర్లక్ష్యం చేయకండి. బండి వాడకానికి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి చెప్పాలని సెక్షన్ 55లో ఉంది. టోటల్ లాస్ బండ్ల కాగితాలు, ఛాసిస్ నంబర్లు దొంగ కార్లకి తగిలించి అమ్మే ముఠాలు దేశంలో చాలాచోట్ల దొరికాయి. రేపు మీ పేరు మీద ఉన్న నంబర్‌తో ఇంకో బండి ఎక్కడో తిరిగితే ఇంటికొచ్చేది పోలీసులు. నేను రద్దు చేయించిన కాగితం చేతికొచ్చాకే షెల్ స్క్రాప్‌కి వేశా.

వర్క్‌షాప్ వాళ్ళ సంగతి కూడా ఒక ముక్క. రిపేర్ వాళ్ళ దగ్గర చేయించకపోతే ఎస్టిమేట్ ఛార్జ్, రోజువారీ పార్కింగ్ ఛార్జ్ వేస్తారు, క్లెయిమ్ లాగినకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది, ఇన్సూరెన్స్ వాళ్ళు నాకు అది ఇవ్వలేదు. బేరం ఆడితే సగానికి తగ్గించారు.

ఇంతకీ పాలసీ మంచిదా కాదా అంటే, పాలసీలో రాసి ఉన్న దానికి రూపాయి తగ్గకుండా ఇచ్చారు, అలాయ్స్‌కి 34,000, స్టీరియోకి 41,000, అది కాదనలేను. యాక్సెసరీస్ లైన్ అంత చక్కగా పనిచేస్తుందని నేను అనుకోలేదు. ఆ లైన్‌లో లేనివాటి విషయంలో నన్ను పెట్టిన తిప్పలు మాత్రం మర్చిపోలేను. నెట్ ఆఫ్ సాల్వేజ్ నాకు కలిసొచ్చిందంటే లోన్ లేదు, విప్పడానికి మనిషి, పెట్టుకోడానికి షెడ్ ఉన్నాయి, ఇంట్లో ఇంకో బండి ఉంది కాబట్టి నెలల తరబడి ఆగగలిగా. లోన్ ఉంటే డబ్బు ముందు బ్యాంకుకి పోతుంది, ఎన్ఓసీ (అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే కాగితం) గొడవ ఉంటుంది, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో తుక్కుబండి పెడితే అసోసియేషన్ ఊరుకోదు, అలాంటివాళ్ళకి బండి వదిలేసి 5,54,000 తీసుకోవడమే మేలేమో. సీఎన్‌జీ కిట్, రంగు మార్చడం, ఇంజిన్ మార్చడం లాంటివి ఆర్సీలో ఎక్కించకుండా చేసినవాళ్ళకి నేను ఇచ్చిన జవాబు పనిచేయదు, వాళ్ళది వేరే కేసు.

ఇప్పుడు వాడుతున్న బండికి వేరే కంపెనీలో తీసుకున్నా. బ్రేకులు, సస్పెన్షన్ విలువతో సహా యాక్సెసరీస్‌లో రాస్తారా అని ముందే రాతపూర్వకంగా అడిగా, ఒప్పుకుని షెడ్యూల్‌లో ఎక్కించారు, ప్రీమియం కాస్త పెరిగింది. రీమ్యాప్ మాత్రం పాలసీలో రాయం అని అందరూ అన్నారు, అందుకే ఈ బండికి ఇంకా చేయించలేదు.