బోస్టన్ తిమింగలాల పడవ: ఏ రేవులో ఎక్కాలి?

టికెట్ పేజీల్లో "తిమింగలం కనబడటం గ్యారంటీ" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. కనబడకపోతే చేతికొచ్చేది డబ్బు కాదు, ఇంకోసారి ఎక్కడానికి ఉచిత టికెట్. బోస్టన్‌లో కాపురం ఉన్నవాళ్ళకి సరే. ఎల్లుండి హైదరాబాద్ విమానం ఎక్కాల్సిన అమ్మానాన్నలు ఆ కాగితం ఏం చేసుకుంటారు? జులై, ఆగస్టుల్లో ఉత్తచేతులతో తిరిగిరావడం అరుదే కాబట్టి ఈ గొడవ చాలామందికి తెలియదు.

డబ్బు నిజంగా పోయేది దారిలోనే. బోస్టన్ సెంట్రల్ వార్ఫ్ రేవులో కటమరాన్ (జంట అడుగుల పడవ) ఎక్కితే మనిషికి 70 డాలర్లకి అటూఇటూ, మొత్తం మూడున్నర నుంచి నాలుగు గంటలు. అందులో పోను గంట పైన, రాను గంట పైన. తిమింగలాల దగ్గర మిగిలేది గంట, మహా అయితే గంటన్నర. కారు తెచ్చుకుంటే పార్కింగ్ దండగ వేరే. బ్లూ లైన్ రైలు 2.40 డాలర్లకి అక్వేరియం స్టేషన్‌లో, రేవు పక్కనే దింపుతుంది.

ఏ రేవులో ఎక్కినా పడవ పోయేది ఒక్కచోటికే: స్టెల్‌వాగన్ బ్యాంక్. కేప్ యాన్‌కీ కేప్ కాడ్‌కీ మధ్య సముద్రంలో మునిగి ఉన్న ఇసుక తిన్నె అది. ప్రవాహాలు దానికి కొట్టుకుని అడుగునున్న పోషకాల్ని పైకి తోస్తాయి. దాంతో నాచు, దాన్ని తినే ప్లవకాలు, వాటికోసం శాండ్ లాన్స్ అనే సన్నచేపలు, ఆ చేపల కోసం హంప్‌బ్యాక్ తిమింగలాలు. 1992లో 842 చదరపు మైళ్ళని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. తిన్నె దక్షిణపు కొస, కేప్ కాడ్ చివరనున్న ప్రావిన్స్‌టౌన్‌కి కూతవేటు దూరం కాబట్టి అక్కడి పడవ అరగంటలో వేటస్థలానికి చేరుతుంది. అయితే బోస్టన్ నుంచి ఆ ఊరికి కార్లో 115 మైళ్ళు. శుక్రవారం సాయంత్రం కేప్ కాడ్‌లోకి దాటించే శాగమోర్ బ్రిడ్జి దగ్గర ఇరుక్కుంటే దేవుడే దిక్కు. వేసవిలో గది రాత్రికి 300 డాలర్లు దాటడం మామూలే, వారాంతాల్లో ఒక్క రాత్రికైతే గది ఇవ్వం అనేవాళ్ళూ ఉంటారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి నా ఓటు కేప్ యాన్ మీదున్న గ్లాస్టర్ రేవుకి: బోస్టన్ నుంచి గంట కారు, చిన్న పడవ, తక్కువ తోపులాట.

ఇక వాంతుల సంగతి. చాలామందికి యాత్ర పాడయ్యేది ఇక్కడే. కడుపు తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటే లాభం లేదు, ఎక్కడానికి గంట ముందే మెక్లిజిన్ పడాలి. బీపీ, గ్లాకోమా, ప్రోస్టేట్ ఉన్న పెద్దవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. పొద్దున్నే వడలూ పూరీలూ వద్దు, ఖాళీ కడుపూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు. పై అంతస్తు ఎక్కువగా ఊగుతుంది, లోపలి గదిలో డీజిల్ వాసన. కింది డెక్ మీద, మధ్య నుంచి వెనక్కి, దిగంతం కనబడేలా నిలబడాలి. ఫోన్‌లోకి తొంగి చూసినవాళ్ళే ముందు పడిపోతారు. మధ్యాహ్నం గాలి లేస్తుంది కాబట్టి ఉదయపు ట్రిప్పే మేలు. తీరంలో 85 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా అక్కడ పది, పదిహేను తగ్గుతాయి. అమ్మకి స్వెట్టర్ బతిమాలైనా తొడగండి.

మైకులో "రెండు గంటల వైపు" అంటే సమయం కాదు, దిక్కు: పడవ ముక్కు 12. మొదట పక్షులు గుమిగూడిన చోటు చూడండి. నీళ్ళలో లేతాకుపచ్చ బుడగల వలయం లేచిందంటే, కొన్ని క్షణాల్లో తిమింగలాలు నోళ్ళు తెరుచుకుని పైకొస్తాయి. తోక ఎత్తి మునిగాక అయిదు, పది నిమిషాలు కనబడదు, అది మునిగిన చోట నీటి మీద నూనె పోసినట్టు నున్నటి మచ్చ మిగులుతుంది. తోక అడుగున ఉన్న తెలుపు నలుపు మచ్చల్ని బట్టే పరిశోధకులు ఒక్కోదాన్ని గుర్తుపట్టి పేరు పెడతారు. 1970ల నుంచీ పేరున్న సాల్ట్ అనే తిమింగలానికి ఆ పేరు వచ్చింది మాత్రం వీపురెక్క మీద ఉప్పు చల్లినట్టున్న తెలుపు వల్ల. అందరూ ఒకవైపు ఎగబడ్డప్పుడు తొందరపడి తోసుకోకండి. కెప్టెన్ పడవ తిప్పుతాడు, మీ వైపూ వస్తుంది.

గాలి మనవైపు ఉంటే దాని ఊపిరి కుళ్ళిన చేపల కంపు కొడుతుంది. అమ్మలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది అప్పుడే.