ఇంటికి వచ్చే చల్లటి చికెన్: ఒక వేసవి అనుభవం

ఆదివారం ఉదయం చికెన్ కొట్టు ముందు నిలబడే ఓపిక లేక, ఈ ఏడాది మార్చి నుంచి మే నెలాఖరు వరకు విజయవాడలోని మా ఇంటికి ఫోన్ ఆర్డర్ మీద మాంసం తెచ్చి ఇచ్చే ఒక సేవను వాడుకున్నాము. ఇటువంటి సేవకు రుచికన్నా ముందు చూడవలసినది చల్లదనం. పచ్చి మాంసం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపు అందులోని సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటినప్పుడు దానిని గంటకు మించి బయట ఉంచకూడదు. మా ఊరి మే నెలలో ఆ వేడి పొద్దెక్కకముందే వచ్చేస్తుంది.

అందుకని పొట్లం విప్పగానే ముక్కల మధ్య వంటింటి థర్మామీటర్ గుచ్చి చూడడం అలవాటు చేసుకున్నాను. ఉదయం వచ్చినవన్నీ 3, 4 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. మే నెలలో ఒక మధ్యాహ్నం మాత్రం ఆలస్యంగా వచ్చిన సంచిలోని ఐస్ ప్యాక్ జావలా కారిపోయి, ముల్లు 14 డిగ్రీలు చూపించింది. డబ్బు తిరిగి ఇచ్చారు కానీ, ముందుగా మాంసం ఫోటో పంపమన్నారు. ఫోటోలో వేడి ఎలా కనిపిస్తుందో నాకు అర్థం కాలేదు.

ప్యాకింగ్ విషయంలో కొట్టువాడి నల్ల కవరుకన్నా ఇది ఎంతో నయం. ముక్కల కింద నీరు పీల్చే మెత్త, పైన అతికించిన పల్చటి పొర, ప్యాక్ చేసిన తేదీ, వాడవలసిన గడువు, ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య అన్నీ ఉన్నాయి. అయితే ఆ పొర మూలల్లో సులువుగా చిరుగుతుంది. ఒకసారి అలాగే ఫ్రిజ్‌లో పెట్టేస్తే, ఎర్రటి నీరు పై అర నుంచి బొట్లు బొట్లుగా కారి కింద ఉన్న కొత్తిమీర కట్ట మీద పడింది. పచ్చడికని తెచ్చిన ఆ కట్టను పారవేయక తప్పలేదు. అప్పటి నుంచి పొట్లాన్ని మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, అన్నింటికన్నా కింది అరలో ఉంచుతున్నాను. రెండు రోజులలోపు వండకపోతే ఫ్రీజర్‌లోకి మార్చి, వండడానికి ముందు రాత్రి మళ్ళీ కింది అరలోకి దింపుతాను. గట్టు మీద పెట్టి కరగనివ్వను.

పొట్లం మీద ‘బాగా కడిగి వండండి’ అని ముద్రించడం నాకు నచ్చలేదు. కుళాయి ధార కింద కడిగితే సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ వంటి జబ్బు చేసే సూక్ష్మజీవులు పోకపోగా, తుంపరలతో సింకు చుట్టూ ఉన్న గిన్నెల మీదికి చేరతాయి. వాటిని చంపేది వేడి మాత్రమే. ఈ మాటే చెబితే మా అత్తయ్యగారు, “పసుపూ ఉప్పూ వేసి మూడుసార్లు కడగని ముక్క నా గొంతు దిగదమ్మా” అన్నారు. చివరకు గిన్నెలో నీళ్ళు పోసి ముక్కలను మెల్లగా దింపి తీయడం, ఆ వెంటనే సింకునూ చేతులనూ సబ్బుతో కడగడం అనే ఒప్పందానికి వచ్చాము.

ముక్కలు కొట్టి ఇస్తారు కనుక, ఉల్లిపాయలు తరిగే కత్తిపీటకు పచ్చి మాంసం తగిలే పని లేదు. ఈ సౌకర్యాన్ని నేను మొదట లెక్కలోకి తీసుకోలేదు. లెగ్ పీసులు మాత్రం బాగా పెద్దవి. పులుసులో ఉడికితే చింత లేదు కానీ, వేపుడుకూ, ఫ్రిజ్‌లో రాత్రంతా పెరుగు, కారం పట్టించి దమ్ చేసే బిర్యానీకీ అవి పరీక్ష పెడతాయి. ఫ్రీజర్‌లో ఉంచిన కోడి ఉడికిన తరువాత కూడా ఎముక దగ్గర ఎర్రగా కనిపించవచ్చు కనుక రంగును నమ్మలేము. ఎముకకు తగలకుండా మందమైన చోట గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి.

ధర కొట్టుకన్నా కిలోకు దాదాపు 60 రూపాయలు ఎక్కువ పడింది. కొట్టులో కళ్ళ ముందే కొట్టించుకుని అరగంటలో పొయ్యి మీదికి ఎక్కించేవారికి ఆ ఖర్చు అనవసరం. మేము ఇప్పుడు ఉదయం 7 గంటల వేళకు మాత్రమే ఆర్డర్ పెడుతున్నాము. మధ్యాహ్నం చుట్టాలు వస్తున్నారని తెలిస్తే, స్టీలు డబ్బా పట్టుకుని వీధి చివరి కొట్టుకే వెళుతున్నాను.