2 టీబీ ఎస్‌ఎస్‌డీ 1,899కే అంటే ఆగండి. నేను ఆగలేదు

పేరు ఎప్పుడూ వినని కంపెనీ, 2 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకోడానికి కంప్యూటర్‌కు బయటినుంచి తగిలించే డిస్కు), ధర 1,899 రూపాయలు. ఇలాంటి ఆఫర్ కనపడితే దయచేసి కొనకండి. నేను ఆన్‌లైన్‌లో కొన్నాను. అది నకిలీ సరుకని తేలేసరికి ఏడు రోజుల రిటర్న్ గడువు దాటిపోయింది. ఆ వారమంతా నేను డిస్కును వదిలేసి, నా లాప్‌టాప్‌లోని లినక్స్ ఓఎస్ ఉబుంటూను తిడుతూ కూర్చున్నాను మరి.

అక్క పెళ్లి వీడియోలు, ఫొటోలు కలిపి 140 జీబీ. కాపీ పెట్టగానే బార్ పరుగులు తీసింది. చవకైనా పర్లేదే అనుకున్నా. ఆ పరుగు నా ర్యామ్‌దని తర్వాత తెలిసింది. లినక్స్‌లో రాయాల్సిన డేటా ముందు ర్యామ్‌లో చేరి, అక్కణ్ణుంచి డిస్కులోకి దిగుతుంది. కాసేపటికి బార్ ఆగింది. మౌస్ కదులుతోంది, ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. టెర్మినల్‌లో సింక్ కొట్టాను, ర్యామ్‌లో మిగిలిందంతా డిస్కులోకి దించమనే ఆదేశం అది. అరగంటైనా ప్రాంప్ట్ తిరిగి రాలేదు. ఆపడానికి కంట్రోల్-సీ నొక్కితే లొంగలేదు, బలవంతంగా చంపే కిల్ మైనస్ 9కీ లొంగలేదు. నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్‌లో చూస్తే సింక్ పక్కన డీ అక్షరం. డిస్కు జవాబిచ్చేదాకా ఆ ప్రాసెస్‌ను ఎవరూ చంపలేరన్నమాట. షట్‌డౌన్ కూడా అక్కడే ఆగిపోయింది. చివరికి పవర్ బటన్ నొక్కిపట్టాను.

సిస్టమ్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ‘బ్లాక్డ్ ఫర్ మోర్ దాన్ 120 సెకండ్స్’ అని వరుసగా లైన్లు. అది లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో బగ్గే అని ఫిక్సయిపోయా. కెర్నల్ మార్చా, కేబుల్ మార్చా, ఒక రాత్రి ఏకంగా ఓఎస్ మళ్లీ వేశా. బుద్ధి తక్కువ పని. ఆ లైన్ల పైనే ‘రీసెట్ హై-స్పీడ్ యూఎస్‌బీ డివైస్’ అని పదిసార్లు ఉంది, అంటే తడబడుతున్నది డిస్కే. హై-స్పీడ్ అంటే మెచ్చుకోలు అనుకున్నా! యూఎస్‌బీ భాషలో అది పాత 2.0 వేగం, సెకనుకు 480 మెగాబిట్లు. అట్ట డబ్బా మీదేమో 3.2 అని బంగారు అక్షరాలు.

ఎనిమిదో రోజు ఆఫీసులో ఒక సీనియర్ అన్నారు, ‘ఆ డిస్కు పీకేసి సింక్ కొట్టి చూడవయ్యా’ అని. పీకి, సింక్ కొట్టాను. ఈసారి సెకను పట్టలేదు. సింక్ అన్ని డిస్కుల కోసమూ ఎదురుచూస్తుంది కాబట్టి ఒక్కటి మొండికేసినా అంతా ఆగుతుందట. ఈ ముక్క మొదటిరోజే తెలిస్తే డబ్బులు దక్కేవి.

తర్వాత డిస్కు అసలు సైజు కనిపెట్టే ఎఫ్3 ప్రోబ్ అనే ప్రోగ్రామ్ నడిపాను. కొన్ని నిమిషాల్లో అసలు సైజు చెప్పేసింది, 58 జీబీ! చిప్‌లో 2 టీబీ అని అబద్ధం రాసిపెట్టారు. 58 దాటాక రాసిందంతా గాలికే. ఘోరమేమిటంటే ఫైళ్ల పేర్లన్నీ ఫోల్డర్‌లో బుద్ధిగా కనపడతాయి. పేర్ల పట్టిక డిస్కు మొదట్లోనే ఉంటుంది కదా. తలంబ్రాల వీడియో నొక్కితే నల్లటి తెర. ఒరిజినల్స్ లాప్‌టాప్‌లో ఉండగానే ఇది బయటపడింది కాబట్టి బతికిపోయాను.

కోపం ఆగక చాకుతో మూత లేపాను. లోపల ఫోన్‌లో వేసే మెమరీ కార్డు ఒకటి, జిగురుతో అతికించి ఉంది. బరువు కోసం పక్కనే రెండు ఇనుప నట్లు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఇవాళే టెస్ట్ చేయండి, డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే. విండోస్‌లో అయితే ఇలాంటి పనికే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ ఉంది, ఉచితమే. కాకపోతే అది డిస్కంతా నింపి చూస్తుంది. సెకనుకు 10 ఎంబీ లెక్కన 2 టీబీకి రెండు రోజులు దాటుతుంది, రిటర్న్ గడువులో అది కూడా లెక్క వేసుకోండి. లినక్స్ వాళ్లకు ఎఫ్3 ప్రోబ్ మేలు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. నా దగ్గర అదీ లేదు.

అమ్మినవాడు ‘టైమ్ అయిపోయింది సార్’ అని చాట్ మూసేశాడు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. నంబర్ వచ్చింది, డబ్బులు ఇంకా రాలేదు. నట్లు మాత్రం ఫొటో తీసి దాచాను, ఫిర్యాదుకు జత చేయడానికి.