లిన్ సోండెక్ ఎల్‌పీ12: కోనసీమ గాలిలో ఏళ్ల తరబడి వాడాక

రికార్డ్ ప్లేయర్ మంచిదో కాదో తేల్చుకోవాలంటే నేను వీణ పెడతాను. మీటిన స్వరం అలా సాగుతూ ఉన్నప్పుడు ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) వేగం రవ్వంత అటూ ఇటూ అయినా వాయించినవాళ్లు వేయని గమకం ఒకటి వినబడుతుంది. మా కాకినాడ చిట్టిబాబు గారి ఎల్‌పీలు చాలా ప్లేయర్ల మీద విన్నాను. ఆ స్వరాన్ని చివరిదాకా వణక్కుండా నిలబెట్టింది మాత్రం స్కాట్లాండ్ నుంచి తిరిగొస్తూ మా బావగారు తెచ్చిచ్చిన లిన్ ఎల్‌పీ12. మా వీధిలో వీణ మాస్టారు ఒకరున్నారు. ఓ సాయంత్రం కూర్చుని ఒక వైపంతా విని, "బాబూ, ఇందులో గమకం ఉన్నచోటే ఉంది, లేనిచోట లేదు" అన్నారు. ఇంతకంటే మంచి కితాబు నాకు తెలీదు.

దీన్ని తయారుచేసే లిన్ కంపెనీని 1973లో గ్లాస్గోలో ఐవర్ టీఫెన్‌బ్రన్ పెట్టాడు. వాళ్ల నాన్నగారిది ప్రెసిషన్ ఇంజినీరింగ్ వ్యాపారం. లోహాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కడం ఆ ఇంట్లో ఉన్న విద్యే. అప్పట్లో హైఫై మీద మోజున్నవాళ్లు డబ్బంతా స్పీకర్ల మీద పెట్టేవారు, ప్లేయర్‌దేముంది, సరైన వేగంతో తిరిగితే చాలనేవారు. టీఫెన్‌బ్రన్ వాదన దీనికి పూర్తిగా ఎదురు. గాడిలోంచి సూది పట్టుకోలేకపోయినదాన్ని ఆ తర్వాత ఎంత ఖరీదైన ఆంప్లిఫయరూ పుట్టించలేదు, కాబట్టి ముందు ప్లేయర్ మీద ఖర్చు పెట్టండి అన్నాడు. స్ప్రింగుల మీద వేలాడే సబ్‌ఛాసిస్ (ప్లాటర్‌ను, సూది ఉండే చేతిని మోసే లోపలి చట్రం) లిన్ కనిపెట్టింది కాదు. అమెరికాలో ఏఆర్, స్విట్జర్లాండ్‌లో థోరెన్స్ కంపెనీలు అంతకుముందే చేశాయి. లిన్‌ది పనితనం. ప్లాటర్ కింద గట్టి ఉక్కు ఇరుసు ఉంటుంది. దాని మొన నూనెలో ఒక్క బిందువు మీద ఆని తిరుగుతుంది. బెల్ట్ తీసి చేత్తో తిప్పి వదిలేస్తే, చెవి దగ్గర పెట్టినా చప్పుడు లేకుండా చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది.

ప్లేయర్ అయితే తయారైంది. దాన్ని పరీక్షించడానికి బజార్లో దొరికే రికార్డుల నాణ్యతే టీఫెన్‌బ్రన్‌కు నచ్చలేదు. దాంతో 1982లో లిన్ రికార్డ్స్ అని సొంత లేబులే పెట్టేశారు. 1984లో వచ్చిన మొదటి విడుదల గ్లాస్గోకే చెందిన బ్లూ నైల్ బృందానిది. తర్వాత జాజ్ గాయని క్యారల్ కిడ్, ఆపైన శాస్త్రీయ సంగీతం. 2007లో స్టూడియో మాస్టర్ ఫైళ్లనే (స్టూడియోలోని అసలు రికార్డింగు నాణ్యతతో ఉండేవి) నెట్‌లో అమ్మడం మొదలుపెట్టారు, 2009లో సీడీ ప్లేయర్ల తయారీ ఆపేస్తున్నామన్నారు. 2017లో లేబుల్ అవుట్‌హియర్ అనే సంస్థ చేతికి వెళ్లింది. మిషన్ చేసేవాళ్లే రికార్డు బాధ్యత కూడా నెత్తినేసుకున్న ఆ తొలిరోజులంటే నాకు చెప్పలేనంత గౌరవం. శంకరగుప్తంలో బాలమురళి గారు, ద్రాక్షారామంలో ఈమని శంకరశాస్త్రి గారు పుట్టిన నేల ఇది. అంత పట్టుదలున్న లేబుల్ ఒకటి అప్పట్లో మన గోదావరి గట్టున ఉండి ఉంటే ఏమేం మిగిలేవో అని వింటున్న ప్రతిసారీ అనిపిస్తుంది.

ఇక మన ఊళ్లలో దీన్ని వాడటం సంగతి. స్ప్రింగుల మీద ఉండే ఏ ప్లేయరైనా నేల అదిరితే ఊగుతుంది. మాది టేకు పలకల మేడ, పిల్లలు పరిగెడితే సూది గెంతుతుంది. అందుకే కింది గదిలో గోడకు బిగించిన షెల్ఫు మీద పెట్టాను. ఆ తర్వాత గుమ్మంలో కొబ్బరికాయలు దింపుతున్నా ఇబ్బంది లేదు. స్ప్రింగులు సరిగ్గా కుదిరాయో లేదో చూడాలంటే ప్లాటర్‌ని మెల్లగా నొక్కి వదలండి. నిటారుగా పైకీ కిందకీ ఆడాలి. పక్కకు తూలిందంటే కిందనున్న నట్లు తిప్పి మళ్లీ సెట్ చేసుకోవాలి. ఈ పనికి ఓపిక కావాలి.

కరెంటు విషయంలో నేను నిశ్చింతగా ఉన్నాను. నాది వల్‌హాలా అనే కరెంటు సర్క్యూట్ బోర్డున్న పీసు. క్రిస్టల్ సాయంతో తనే 50 హెర్ట్జ్ తయారు చేసుకుని మోటారుకిస్తుంది కాబట్టి లైన్లో ఫ్రీక్వెన్సీ ఊగినా వేగం మారదు. వోల్టేజి కోసం స్టెబిలైజర్ మాత్రం పెట్టాను. పాత బోర్డుల్లో కెపాసిటర్లు ఎండిపోతాయి, కొనగానే మార్పించేయండి. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు 120 వోల్టుల పీసేమో ముందే అడగాలి.

మా దగ్గర అసలు శత్రువు గాలి. వానాకాలం చెమ్మకు అట్టలు బూజు పడతాయి, ఎండాకాలంలో కొబ్బరి పీచు ధూళి రికార్డు గాడుల్లో చేరుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పూర్తిగా ఆరాక కొత్త లోపలి కవర్లలో పెట్టి, నిలువుగా సర్దుతున్నాను. ఇంత మంచి ప్లేయర్ రికార్డు మీది మురికిని కూడా అంతే శ్రద్ధగా వినిపిస్తుంది మరి.

పాత సినిమా పాటల ఈపీలు (నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డులు) ఎక్కువగా వినేవాళ్లు ఒకటి గమనించాలి. నాదిలాంటి పాత ఎల్‌పీ12 నిమిషానికి 33 చుట్ల వేగానికే చేసింది. 45 కావాలంటే పైప్లాటర్ ఎత్తి మోటారు పుల్లీకి అడాప్టర్ తొడగాలి. పాటకో రికార్డు మార్చుకునేవాళ్లకు ఇది విసుగే. 78 చుట్ల పాత రికార్డుల ఊసే లేదు, వాటికి వేరే ప్లేయర్ ఉంచుకోవాల్సిందే.

నాకు బాగా నచ్చిన గుణం, దీన్ని పారేయక్కర్లేదు. 1993లో వచ్చిన సర్కస్ అనే మెరుగైన ఇరుసు బేరింగైనా, తర్వాత వచ్చిన సబ్‌ఛాసిస్‌లైనా పాత ప్లేయర్‌కి బిగించుకోవచ్చు. అవన్నీ ఖరీదే, నేను బేరింగ్ ఒక్కటే వేయించాను. మంద్రంలో తీగె మోత ఇంకా శుభ్రపడింది. కొత్తది మన జీతాలకు అందే ధర కాదు. పాతది దొరికితే ముందు ఇరుసు అరుగుదల, ఆ తర్వాత టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి) బేరింగులు చూసుకోండి. ఆ రెండూ బాగుంటే బెల్టు, నూనె, స్ప్రింగులు చిన్న ఖర్చులే.